తెల్లవైనులో నిండుదనము



ఈ వారపు కార్యక్రమపత్రికలో నా పేరు ప్రక్కను ఈ విషయమును చూచిన నా పూర్వవిద్యార్థులు అచ్చుతప్పు పడినదని యనుకొని యుందురు. ముప్పదియెనిమిదేండ్లు ఉన్నతపాఠశాలలో తెలుఁగును సంస్కృతమును చెప్పి, సంధులును సమాసములును దప్ప మఱియొకటి యెఱుఁగఁడని పేరు తెచ్చుకొన్నవాఁడను. తెల్లవాఱుజామున కాఫీ త్రాగుటయే నా వ్యసనములలో పెద్దది. అట్టివాఁడు ఫ్రాన్సుదేశపు తెల్లవైనును గూర్చి మాటాడుట యేమని మీకు తోఁచుట సహజమే. కాని అది యచ్చుతప్పు కాదు. ఈ విషయమును నేనే కోరి పుచ్చుకొంటిని. దానికి కారణమొక యుత్తరము.

రెండేండ్ల క్రిందట నా శిష్యుఁడొకఁడు ఆ యుత్తరము వ్రాసెను. వాఁడు పల్లెటూరి రైతుబిడ్డ. పదవ తరగతివఱకు నాయొద్ద చదివి, పిమ్మట హోటలువృత్తి నేర్చి, నేఁడు దూరపునగరమున నొక పెద్ద హోటలులో అతిథులకు వైనుల గుణములు చెప్పి వడ్డించు నుద్యోగము చేయుచున్నాఁడు. ఒకనాఁటి రాత్రి అచటికి తెలుఁగు కుటుంబమొకటి భోజనమునకు వచ్చెనఁట. కుమారుఁడు తెల్లవైను సీసా యొకటి తెప్పించెను. ప్రక్కనున్న వృద్ధుఁడైన తండ్రి, మావాని మాటతీరును బట్టి తెలుఁగువాఁడని గ్రహించి, "దీని రుచి యెట్లుండును, నాయనా?" అని యడిగెను. వీఁడు "ఫుల్ బాడీడ్, బటరీ, లాంగ్ ఫినిష్" అని శిక్షణకాలమున వల్లెవేసిన మాటలనే యప్పగించెను. పెద్దాయన నవ్వి, "అవి సీసామీఁది చీటీలోనే యున్నవి గదా! రుచి చెప్పుము" అనెను. వీనికి నోట మాట రాలేదు. పైయధికారి ప్రక్కకు పిలిచి, అతిథికి సమాధానము చెప్పలేనివాఁడు బల్లయొద్ద నిలువఁదగఁడని మందలించెనఁట. "మాస్టారూ! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీరు చెప్పిన తెలుఁగులో దీనికి మాట లేదా? లేక నేనే సరిగా నేర్చుకొనలేదా?" అని వాఁడు ఉత్తరము ముగించెను.

ఉపాధ్యాయునకు ఇంతకంటె పదునైన ప్రశ్న యుండదు. మాట లేదనుటకు నాకు నోరాడలేదు. ఉన్నదనుటకో, వస్తువును నేను చూచినవాఁడనే కాను.

ఇచట నొక సంగతి దాఁచక చెప్పవలెను. నా తమ్ముఁడు సారావలన చెడెను. నలువదియొకటవయేఁట పోయెను, అతని భార్య నగలును రెండెకరముల మాగాణియు అంతకుముందే పోయినవి. 1992 లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు సారాదుకాణమును మూయించినప్పుడు మా మఱదలు ఆ వార్తను పత్రికనుండి కత్తిరించి దేవుని పటము ప్రక్కను పెట్టుకొనెను. 1993 లో సారాయు, 1995 లో సర్వమద్యములును నిషేధింపఁబడుటయు, 1997 లో ఆ నిషేధము తొలఁగుటయు మీరెఱిఁగినవే. ఆమె నేఁటికిని మా యింటనే యున్నది. ఈ ప్రసంగమును వ్రాసి మొదట నామెకే చదివి వినిపించితిని. ఆమె యేమనెనో తరువాత చెప్పెదను.

మొదట పేరు సంగతి చూతము. మన యూళ్ళలో "వైన్స్" అని పెద్దయక్షరములతో పలక కట్టిన దుకాణములలో బ్రాందీ, విస్కీ, బీరు దొరకును. వైను దొరకుట మాత్రమరుదు. పేరొకటి, సరకొకటి. బైబిలును తెలుఁగు చేసినవారు ద్రాక్షారసమనిరి. కాని నేఁడు ఆ మాట వినఁగానే పండ్లరసపు దుకాణము తలఁపునకు వచ్చును. ఆయుర్వేదమున ద్రాక్షాసవమను మాట కలదు గాని, అది ధాతకీపుష్పములు మొదలగువానిని చేర్చి చేయు నౌషధము. కావున భాషాభిమానులు మన్నింతురు గాక, నేను వైను అనియే యందును. సరకు పరదేశిది, పేరును పరదేశిగానే యుండనిండు. గుణములకు మాత్రము మన మాట వెదకుదము.

మా కొమార్తెయు నల్లుఁడును ఫ్రాన్సులోని డిజాన్ నగరమున నున్నారు. ఉత్తరము వచ్చిన మఱుసటి వేసవిని మేము దంపతులము వారియొద్ద రెండునెలలుంటిమి. అచటినుండి దక్షిణముగా నలువది కిలోమీటర్లు పోయిన బోన్ అను పట్టణము. దానిని దాఁటి యెనిమిది కిలోమీటర్ల లోపల మెర్సో అను గ్రామము. ఈ సీమకు బర్గండీ యని పేరు. తూర్పునకు వాలిన మెరకభూమి, సున్నపురాయియు బంకమన్నును కలిసిన నేల, నడుమెత్తు మించని తీఁగెల వరుసలు, వాని మధ్య మోఁకాలెత్తు రాతిగోడలు. వాలునకు పైభాగమున మన్ను పలుచన. అడుగున మన్ను లోఁతై తేమ యెక్కువ. నడుమనున్న తోఁటలే శ్రేష్ఠములని అచటి రైతుల యనుభవము. ఒక్కొక్క తునుకకు నొక్కొక్క పేరు. ఈ పేరుగల తునుకలను వారు "క్లిమా"లందురు. వీనిని యునెస్కోవారు 2015 లో ప్రపంచవారసత్వములలో చేర్చిరి.

సీసామీఁది చీటీని చూచితిని. దానిపై ద్రాక్షజాతి పేరు లేదు. ఊరిపేరున్నది, తోఁటపేరున్నది. అప్పుడు నాకొక పాఠము తలఁపునకు వచ్చి సిగ్గును సంతోషమును ఒక్కమాఱే కలిగినవి. పాణిని తద్ధితప్రకరణమున "కాపిశీ" యను నగరము పేరునకు ప్రత్యయమును విధించెను. వ్యాఖ్యాతలు దానికి ఉదాహరణముగా కాపిశాయనమను మధువును, కాపిశాయని యను ద్రాక్షను చెప్పుదురు. కౌటిల్యుఁడును సురాధ్యక్షుని గూర్చిన యధ్యాయమున, ద్రాక్షరసముతో చేయు మధువునకు పుట్టినచోటే పేరగునని చెప్పి, కాపిశాయనమును హారహూరకమును పేర్కొనెను. ఈ కాపిశి నేఁటి యఫ్‌గానిస్థానములోనిది. నేను ముప్పదియేండ్లు ఆ ప్రత్యయమును చెప్పితిని. పిల్లలచేత వల్లె వేయించితిని. ఊరిపేరు పానీయమునకేల వచ్చెనని ఒక్కనాఁడును తలపోయలేదు! ఫ్రాన్సువారు 1935 లో చట్టము చేసి స్థిరపఱచిన పద్ధతికి మూలభావము మన వ్యాకరణతరగతిలోనే యుండెను. ఏ మట్టి, ఏ యెండ, ఏ వాలు అనునదే పేరు.

పేరుకొఱకు వారు పడు పాటొకటి చెప్పెదను. మెర్సోకు ప్రక్కను పులిన్యీ, షసాన్య్ అను రెండు గ్రామములున్నవి. రెంటికిని సరిహద్దుపై మోంరషే యను తోఁట యున్నది. తెల్లవైనులలో దానికి మించినది లేదని యనేకుల మతము. విస్తీర్ణము 8 హెక్టార్లకు రవ్వంత తక్కువ; అనఁగా మన లెక్కను ఇరువది యెకరములును లేదు. దాని కీర్తిలో పాలు కోరి 1879 లో రెండు గ్రామములును తమ పేర్లకు మోంరషే పేరును తగిలించుకొన్నవి. మెర్సోకు అట్టి సర్వోన్నతపదవి పొందిన తోఁట లేదు. పెర్రియేర్, జెనెవ్రియేర్, షార్మ్ అను రెండవ శ్రేణి తోఁటలు కలవు. అయినను నిండుదనమను మాటకు లక్ష్యము చూపుమన్న అందఱును మెర్సోనే చూపుదురు. కావున నేనచటనే కూర్చుంటిని.

ద్రాక్షజాతి పేరు షార్డొనే. దీని వంశమును గూర్చి చిరకాలము ఊహలే యుండెను. 1999 లో కాలిఫోర్నియా, ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు కణములలోని వారసత్వలక్షణములను పోల్చి, దీనికి ఒకవైపున పీనో యను మేలిజాతియు, మఱియొకవైపున గూయే యను నాటుజాతియు జన్మస్థానములని నిర్ణయించిరి. గూయేను పెద్దలు హీనమని నిందించి పీకివేయించిన కాలమును కలదు. నదీమూలము, ఋషిమూలము విచారింపఁగూడదని మనవారనిరి. విచారించిన నిట్టివి బయటపడును. ఈ షార్డొనే ద్రాక్షకు స్వతస్సిద్ధమైన వాసన మిక్కిలి తక్కువ. తెల్లని నేఁతబట్టవంటిది; ఏ రంగులో ముంచిన నా రంగు పట్టును. మంచిచోట మంచివాని చేతిలో పడిన మట్టిని చూపును. లేనిచోట చేసినవాని యాడంబరమును చూపును.

ఇఁక తయారు. ఎఱ్ఱవైనునకు ద్రాక్షతొక్కతోఁగూడ పులియఁబెట్టుదురు. తెల్లదానికి పండ్లను కోసిన వెంటనే పిండి, తొక్కను తీసివైచి, రసమును మాత్రమే పులియనిత్తురు. ఈఁతకల్లు పొంగుట చూచినవారికి ఈ పొంగు వింత కాదు. చక్కెరను సూక్ష్మజీవులు తిని మాదకద్రవ్యముగా మార్చును. మన పూర్వులు దీనికి కారణమైన ముద్దను కిణ్వమనిరి. బర్గండీలో ఈ పొంగు తఱచుగా 228 లీటర్ల ఓకుపీపాలలోనే జరుగును. ఓకుచెక్క నిప్పుసెగపై వంపు తిరుగును. ఆ సెగతోనే వెనిల్లావాసనయు, కాల్చిన రొట్టెవాసనయు దానికి కలుగును. ఫ్రాన్సులో త్రోన్సే యను అడవి కలదు. 17వ శతాబ్దిలో కోల్బేరు అను మంత్రి యుద్ధనౌకల కలప కొఱకు దానిని పెంచెను. నౌకలకు ఇనుము వచ్చెను. ఆ చెట్లసంతతి నేఁడు పీపాలకు వచ్చుచున్నది. మంత్రుల దూరదృష్టికి ఇట్టి ఫలము లప్పుడప్పుడు కలుగును.

నన్ను భూగృహములోనికి తీసికొనిపోయినది నడివయస్సుగల యొక తోఁటయజమానురాలు. మా యల్లుఁడు దుబాసి. ఆమె పీపా బిరడా తీసి వాసన చూడుమనెను. చూచి నేను నిర్ఘాంతపోయితిని. అది మా తల్లి కవ్వమాడించి తీసిన వెన్నవాసన! వెన్న యిందులో కలిపితిరా యని యడిగితిని. ఆమె నవ్వి చెప్పినదాని సారమిది. మొదటి పొంగు ముగిసిన పిమ్మట రెండవ మార్పొకటి కలదు. ఆపిలుపండులో నుండు మాలిక్ అను పదునైన పులుపును ఒకజాతి సూక్ష్మజీవులు పెరుగులో నుండు లాక్టిక్ అను మెత్తని పులుపుగా మార్చును. ఆ మార్పులో డయాసిటైల్ అను ద్రవ్యము కొంచెము పుట్టును. వెన్నకు వెన్నవాసన నిచ్చునది కూడ నదియే. కావున "బటరీ" యన్నది కవిసమయము కాదు, రసాయనము. పచ్చిమామిడి పులుపునకును కమ్మని పెరుగు పులుపునకును గల భేదము తెలిసిన యే తెలుఁగు గృహిణికైనను ఈ సంగతి యరనిమిషములో బోధపడును. మా గృహిణికి నాకంటె ముందే బోధపడెను.

పీపా యడుగున మడ్డి చేరును. అది పని ముగించి చచ్చిన ఈస్టు. దానిని పాఱఁబోయక, పొడవైన కడ్డీతో అప్పుడప్పుడు కలియఁబెట్టి నెలలతరబడి వైనును దానిపైననే యుంతురు. ఆ మడ్డి కరఁగి కరఁగి పానీయమునకు నునుపును, నాలుకపై నొక పూఁతను ఇచ్చును. పీపా సందులగుండ వచ్చు గాలినుండి కాపాడును. కలియఁబెట్టుట మితిమీఱిన వైను మొద్దువాఱునని యామె చెప్పెను. ఆమె తండ్రి వారమునకొకమాఱు కలియఁబెట్టెడివాఁడఁట. ఆమె యిప్పుడు మూఁడుమాసములలో రెండుమాఱులు మాత్రమే. ఎండలు ముదిరి పండ్లు ముందే పండుచున్నవి. నిండుదనము తనంత తానే వచ్చుచున్నది. తక్కువపడుచున్నది పులుపే యని ఆమె దిగులు. ఆ దిగులు వట్టిది కాదు. బోన్ పట్టణమున 1354 నుండి 2018 వఱకు ద్రాక్షకోఁత తేదీలను కూర్చి 2019 లో ప్రకటించిరి. 1988 నుండి కోఁత సగటున 13 దినములు ముందునకు వచ్చినదని అందు తేలినది. ఆఱునూఱేండ్లకు మించిన లెక్క వ్రాసియుంచినవారి యోపికకు నేను చేతులు మోడ్చితిని.

ఇఁక మా శిష్యుని చిక్కునకు వత్తము. "ఫుల్ బాడీ" యను దానిని పదమునకు పదము మార్చిన నిండు శరీరమగును. వైనునకు శరీరమేమి? సాంద్రత యందమా, అది భౌతికశాస్త్రపు మాట. బరువందమా, మోయలేనిదను ధ్వని వచ్చును. బలమందమా, త్రాగినవాఁడు తూలునని తలఁతురు. చిక్కదనము చాల దగ్గఱిది. కాని కంటికి ఆ వైను చిక్కగా నుండదు, నీరువలెనే పాఱును. ఈ మాటలతో నాలుగుదినములు కుస్తీ పట్టితిని. ఐదవనాఁడు ప్రాతఃకాలమున మా మనుమరాలు సంగీతము సాధన చేయుచుండఁగా మా గృహిణి "గొంతు నిండుగా నున్నది" అనెను. అంతే. నిండు గొంతు, నిండుచందురుఁడు, నిండుసభ, నిండుకుండ. నిండనఁగా బరువు కాదు, వెలితి లేకుండుట. ఆ వైనును నోటఁ బెట్టుకొన్న నాలుకచివర, ప్రక్కలు, అంగిలి అంతయు నాక్రమించును; ఖాళీమూల యుండదు. కావున అది నిండైన వైను. దానికి ప్రతియోగి పలుచని వైను.

త్రాగనివారికి దీనిని తెలిసికొను నుపాయము చెప్పెదను. మూఁడు గ్లాసులు తీసికొనుఁడు. ఒకదానిలో మజ్జిగతేట, ఒకదానిలో చిలికిన మజ్జిగ, మూఁడవదానిలో మీగడతో గిలకొట్టిన పెరుగు పోయుఁడు. పులుపు మూఁటికిని ఒక్కటే కావచ్చును. నోటిలో నిలుచు తీరు వేఱు. ఆ తీరే మనము చెప్పుకొను నిండుదనము. అది రుచి కాదు, స్పర్శ. వైనులో దానికి ప్రధానకారణము మాదకద్రవ్యాంశము. నిండైన తెల్లవైనులలో అది నూటికి 13 పాళ్ళకు పైఁబడి యుండును. మడ్డియు, పీపాయు, పండు పక్వతయు తోడగును. అయితే పులుపు లేని నిండుదనము చింతపండు వేయని పప్పుచారువంటిది. రెండుగ్రుక్కలతో మొగము మొత్తును. మెర్సో గొప్పతనము వెన్నలో లేదు. ఆ వెన్న వెనుక సున్నపునేలనుండి వచ్చిన పులుపు వెన్నెముకవలె నిలిచి యుండుటలో నున్నది.

మన యాలంకారికులు కావ్యమునకు ద్రాక్షాపాకము, కదళీపాకము, నారికేళపాకము అని మూఁడు చెప్పిరి. చిత్రమేమనఁగా ఇది ద్రాక్షతోనే చేసినదయ్యును ద్రాక్షాపాకము కాదు. పలుచని తెల్లవైనులు నోట వేయఁగానే రసము నిచ్చును, అవి ద్రాక్షాపాకములు. మెర్సో కదళీపాకము, తొక్క యొలుచునంత యోపిక కావలెను. మోంరషేవంటివి పసితనమున నారికేళములు. పదియేండ్లు సీసాలో నుండినఁగాని పీచు తొలఁగదందురు. మ్రింగిన తరువాత రుచి నిలుచుటను వారు "ఫినిష్" అందురు. ముగింపని తెలిఁగించిన నది తప్పు. ముగియకుండుటయే దాని గుణము. గంట కొట్టిన పిమ్మట విననగు మ్రోఁతను మనవారు అనురణనమనిరి. ఆ మాటనే మావానికి వ్రాసి పంపితిని. అది కఠినమన్నవారికి "మ్రోఁత" యని చెప్పుమంటిని.

సేవించు క్రమమును గూర్చి మావాఁడును, ఆ యజమానురాలును చెప్పినవి ఒక్కటిగానే యున్నవి. చాలమంది చేయు తప్పు మితిమీఱిన చల్లదనము. మంచులో గంటసేపు పాఁతిపెట్టిన వైనునకు వాసన చచ్చును, పులుపొక్కటియే మిగులును. ఫ్రిజ్జులోనుండి తీసిన పేరిన నేతికి వాసన యుండదుగదా! పలుచని వైనునకు ఆ చల్లదనము చెల్లును. నిండైనదానికి 11 మొదలు 13 డిగ్రీల వేఁడిమి కావలెను. ఫ్రిజ్జునుండి తీసి యిరువదినిమిషము లాగుఁడు. మన యెండకాలమున పదినిమిషములే చాలును. పొట్ట వెడల్పైన గ్లాసులో మూఁడవవంతు మాత్రమే పోయవలెను. మొదట రంగు చూడవలెను. పేరు తెల్లవైనే గాని, రంగు లేఁత నిమ్మపండునుండి క్రొత్తబంగారమువఱకు నుండును. వయసు చాలకయే గోధుమవన్నె వచ్చినచో గాలి సోకి చెడినదని యనుమానింపవలెను. 1990 దశకము నడుమనుండి బర్గండీ తెల్లవైనులకే యీ యకాలవార్ధక్యము తఱచుగా కనఁబడఁగా అచటివారు కలఁత చెందిరి. బిరడాలనియు, గంధకపు మోతాదనియు, పిండు విధానమనియు కారణములను వాదించుకొనిరి. తరువాత వాసన. కమ్మని వెన్న, వేయించిన బాదము, నిమ్మతొక్క, తడిసిన రాయి. ఆపై చిన్నగ్రుక్క, నోటిలో త్రిప్పి కొంచెము గాలి పీల్చి మూఁడు లెక్కించుట. అనుపానముగా వెన్నతో వండిన చేఁప, మీగడతో వండిన కోడిమాంసము, కోంతే యను జున్ను అచటివారికి ప్రియము. నేను శాకాహారిని గనుక ఇందు నా సాక్ష్యము చెల్లదు. మన గోంగూర మాంసమునకు ఇది తగదని మావాఁడు నిష్కర్షగా వ్రాసెను. మిరపకారము తగిలిన మాదకద్రవ్యము మంట పుట్టించును, ఓకు చేఁదెక్కును. కొబ్బరిపాలతో, కారము తగ్గించి వండినవానితో నప్పునఁట.

నిండుదనము ఫ్రాన్సు సొత్తే యని యనుకొనవలదు. 1976 లో స్టీవెన్ స్పరియర్ అను ఆంగ్లేయ వర్తకుఁడు పారిస్‌లో పరీక్ష నొకదానిని జరిపెను. ఆఱు కాలిఫోర్నియా షార్డొనేలను, నాలుగు బర్గండీ వైనులను పేరు కనఁబడకుండ పోయించెను. లెక్కకు వచ్చిన తీర్పరులు తొమ్మండ్రును ఫ్రెంచివారే. ప్రథమస్థానము కాలిఫోర్నియాలోని షాతో మోంటెలీనావారి 1973 వ సంవత్సరపు వైనునకు వచ్చెను; దానిని చేసిన మైక్ గర్గిచ్ క్రొయేషియానుండి వలసపోయినవాఁడు. రెండవది మెర్సో షార్మే. ఆ గెలుపు తరువాత కాలిఫోర్నియాలో వెన్నయు ఓకును ఎంత యెక్కువైన నంత మేలను వెఱ్ఱి పుట్టెను. దానికి విసిగి "షార్డొనే తప్ప మఱేదైనను తెండు" అనువారును పుట్టిరి. తప్పు ద్రాక్షది కాదు. సమాసములు దట్టించిన మాత్రమున ప్రౌఢకావ్యమగునా? రోన్ నదీతీరమున కోండ్రియులో పండు వియోన్యే యను జాతియు నిండైనదే. దానికి నేరేడుకాదు, ఆప్రికాటు వాసన. 1960 దశకమున అచట కొలఁది హెక్టార్లే మిగిలి అంతరింపనున్నది మరల బ్రదికినది.

నేను రుచి చూచితినా యని మీరు గొణుగుకొనుట నాకు వినఁబడుచున్నది. చూచితిని. ఆ భూగృహములో రుచి చూచువారందఱును గ్రుక్క పుక్కిలించి ప్రక్కనున్న తొట్టిలో ఉమ్మివేయుదురు. ఆ యజమానురాలు దినమునకు ముప్పదినలువది పీపాలు చూచి ఒక్కచుక్క మ్రింగదు. నేను నట్లే చేసితిని. పిమ్మట నీళ్ళతో నోరు కడిగికొంటిని. "ఉమ్మివేయుటకా యింతదూరము వచ్చితిరి?" అని మా గృహిణి యనెను. ప్రాయశ్చిత్తమేమైన నున్నచో చేసికొనుటకు సిద్ధముగా నున్నాను. త్రాగుఁడని నేనెవరికిని చెప్పుటలేదు. అంతర్జాతీయ కర్కటరోగ పరిశోధనసంస్థ 1988 లోనే మద్యపానమును ఆ రోగకారణములలో నిశ్చితమైనదానిగా చేర్చినది. ఆ లెక్కకు మెర్సో యైనను సారా యైనను ఒక్కటియే.

మా మఱదలికి దీని నంతయు చదివి వినిపించితినని చెప్పితిని గదా. ఆమె చేట క్రిందపెట్టి చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "చెప్పుఁడు బావగారూ. మీ తమ్ముఁడు దాని రుచి యెన్నఁడును చూడలేదు. గొంతులో పోసికొనెను, అంతే" అని మరల బియ్యము చెఱుగఁ జొచ్చెను.

మావానికి నేను నాలుగుపుటల యుత్తరము వ్రాసితిని. నిండు, పలుచన, కమ్మన, మెత్తని పులుపు, పదునైన పులుపు, నునుపు, మ్రోఁత. ఇట్టివి పదునెనిమిది మాటలు. వాఁడు వానిని చీటీలపై వ్రాసికొని, తనతో పనిచేయు తెలుఁగు పిల్లలకును నేర్పుచున్నాఁడఁట. గడచిన మాసమున మరల వ్రాసెను. వేఱొక తెలుఁగు పెద్దమనిషి అదే బల్లయొద్ద కూర్చుండి అదే ప్రశ్న వేసెను. వీఁడు తడఁబడక, "అయ్యా, ఇది నిండైన వైను. మీగడమజ్జిగవలె నోరంత నిండును, పులుపు కమ్మగా నుండును, మ్రింగిన తరువాత గంటమ్రోఁతవలె రుచి నిలుచును" అని చెప్పెను. ఆయన మిక్కిలి సంతోషించి, "ఎంత చక్కగా చెప్పితివి, నాయనా! అట్లయిన నాకు మీగడమజ్జిగయే తెమ్ము" అనెనఁట.